లక్ష్మీవారం నాడు ఇంట్లో ఉండిపోయిన ఇరవై రూపాయలు

రాక్షస నామ సంవత్సరం మార్గశిర శుద్ధ తదియ, బుధవారం, పొద్దు గూకడానికి ఇంకా రెండు గడియలు ఉందనగా ఇది మొదలైంది. అమలాపురంలో షావుకారు గారి కొట్టు అరుగు మీద మా అత్తగారూ నేనూ కూర్చుని ఉన్నాం. లోపలినుంచి షావుకారు గారు కేక వేశారు. "దీపాలవేళ అవుతోంది, చెల్లింపులన్నీ తెమల్చేయండి. రేపు లక్ష్మీవారం, పైసా బయటికి పోదు." ఆ కేక విన్నాక గుమాస్తా గారి చేతులు తొందరపడ్డాయి.

ఈ మధ్య కాకినాడ బ్యాంకీలో మా మనవడికి ఏడు రూపాయలు ఎక్కువ ఇచ్చారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుని, "వాళ్ల తప్పుకి నాదేం పూచీ మామ్మా?" అన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు. కూర్చున్నచోట కూర్చోలేక వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగాను. యాభై రెండేళ్ల కిందటి ఈ సంగతి కాగితం మీద పెడితే గాని కుదురు చిక్కదని తోచి రాస్తున్నాను. తిథులూ సొమ్ములూ నా పాత చిట్టాలో ఉన్నాయి. మాటలు మాత్రం జ్ఞాపకం మీద రాస్తున్నవి.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. కాపురానికి వచ్చి నాలుగేళ్లు. మా ఊరు అమలాపురానికి కోసున్నర, అంటే మూడు మైళ్ల దూరం. మా అత్తవారిది ఓడల మీద బతుకు. మామగారు పోయాక ఇంటికి మగదిక్కు మా ఆయన ఒక్కరే. ఆయన కోరంగి రేవు నుంచి సరుకు ఓడ మీద రంగం వెళ్లి అప్పటికి ఏడు నెలలు దాటింది. రంగూన్‌ని మేము రంగం అనేవాళ్లం. కార్తీకంలో తిరిగొచ్చిన మరో ఓడవాళ్లు ఆయన పంపిన హుండీ కాగితం తెచ్చి ఇచ్చారు. నూట నలభై రూపాయలకి. ఆ కాగితం షావుకారు గారి కొట్లో చూపిస్తే రొక్కం ఇస్తారు. ఆ రోజుల్లో మాకు బ్యాంకీ అంటే ఆ కొట్టే.

నాకు లెక్క మా నాన్నగారు నేర్పారు. ఆయనది కొబ్బరికాయల వర్తకం. చూపు మందగించాక తాటాకు చిట్టాలు నాచేత చదివించేవారు, తరవాత రాయించడం కూడా మొదలుపెట్టారు. కాయలు లెక్కపెట్టే చోట నా చేతికి ఒక పీచు దారం ఇచ్చి నూరు కాయలకో ముడి వెయ్యమనేవారు. నోటితో లెక్కపెట్టేవాణ్ణి ఎవడో ఒకడు పలకరిస్తాడు, దారాన్ని ఎవడూ పలకరించడు అనేవారు. ఆ అలవాటు కొద్దీ ఆ సాయంత్రం కూడా నా పైట చాటున పీచు దారం ఉంది.

గుమాస్తా గారికి యాభై దాటాయి. సన్నటి మనిషి, ఉత్తరీయానికి రెండు చోట్ల అతుకులు. ఆ కొట్లో ఇరవై మూడేళ్లుగా రాస్తున్నారని అందరూ చెప్పుకునేవారు. పదేసి రూపాయలు దొంతి పెట్టి, దొంతికో మాట పలుకుతూ మా సంచిలో వేస్తున్నారు. మొదటి దొంతిని ఒకటి అనకుండా, అందరూ అన్నట్టే లాభం అన్నారు. తరవాత రెండు, మూడు, నాలుగు. నేను ముళ్లు వేస్తున్నాను. ఎనిమిది అని దొంతి సంచిలో వేశారో లేదో, కాలవ తవ్వే కూలీల మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏవండీ గుమాస్తా గారూ, ఇందాక ఇచ్చినవాట్లో రెండు రూపాయలు మోగట్లేదండీ. కూలోళ్లు నా మొహాన కొడతారు."

"మోగకపోవడమేంటయ్యా, నీ చెవే మోగట్లేదేమో," అంటూ గుమాస్తా గారు లేచి వెళ్లి, ఆ రెండూ రాతి మీద వేసి చూసి, మార్చి ఇచ్చి వచ్చి కూర్చున్నారు.

"ఎక్కడున్నామండి అమ్మగారూ?"

"ఆరయ్యేయండి," అన్నారు మా అత్తగారు.

నా దారానికి ఎనిమిది ముళ్లున్నాయి. నేను అత్తగారి చెంగు పట్టుకుని లాగాను. ఆవిడ తొందరపెడుతున్నాననుకుని, "ఉండవే, తెములుతోందిగా," అన్నారు. పరాయి మగవాళ్లు నలుగురున్న కొట్లో కోడలు గొంతెత్తి అత్తగారి మాట కాదనడం మా ఇళ్లల్లో లేదు. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే అది సాకులా ఉంది. అప్పుడు అది సాకు కాదు, గోడ. నేను నోరు విప్పలేదు. గుమాస్తా గారు ఏడు దగ్గర మొదలుపెట్టి పద్నాలుగు దగ్గర ఆపారు. నా దారం పదహారు దగ్గర ఆగింది.

ఆయన సంచి మూతి కట్టి రెండు చేతులా అందించారు. "పొద్దుండగానే ఇల్లు చేరండమ్మా. చేతిలో సొమ్ముంది."

ఊరు దాటి కాలవగట్టు మట్టిదిబ్బలు ఎక్కాక గాని నేను చెప్పలేకపోయాను.

"అత్తయ్యగారూ, మేస్త్రీ వచ్చేటప్పటికి ఎనిమిది అయ్యేయండి. ఆరు కాదు."

"నువ్వు చూసింది మేస్త్రీనా, రూపాయల్నా?"

"దారం ఉందండి."

"దారం! ఇవేమైనా మీ నాన్న కొబ్బరికాయలనుకున్నావా? నడు."

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. దీపం పెట్టాక సంచి విప్పనివ్వలేదు. మర్నాడు పూజకని అలాగే లక్ష్మీదేవి పీట మీద పెట్టేశారు. మార్గశిరంలో గురువారాలు లక్ష్మీవారాలని పూజ చేయడం ఇప్పటికీ ఉంది. ఆ రోజున ఇంట్లోంచి డబ్బు గాని, బియ్యం గాని, ఉప్పు గాని గడప దాటనివ్వరు. ఆ నెలలో అదే మొదటి లక్ష్మీవారం.

గురువారం పూజ అయ్యాక సంచి విప్పి లెక్కపెట్టాను. నూట అరవై. మళ్లీ లెక్కపెట్టాను. నూట అరవై. అత్తగారిని లెక్కపెట్టమన్నాను. ఆవిడ నెమ్మదిగా, ఒక్కొక్క రూపాయీ ఎత్తి పెడుతూ లెక్కపెట్టి, చివరికి చేయి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నేనే కదే ఆరన్నాను," అన్నారు.

"ఇరవైయ్యీ ఇప్పుడే పట్టుకెళ్లి ఇచ్చేసొస్తానండి. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేస్తాను."

"ఇవాళా?"

"ఇవాళేనండి. వాళ్లు కొట్టు కట్టేముందు పెట్టె లెక్క చూసుకుంటారు. నిన్ననే తేలిపోయుంటుంది."

"మతుండే మాట్లాడుతున్నావా? మొదటి లక్ష్మీవారం, ఇంకా పూజ పసుపు ఆరలేదు. మొగుడు సముద్రం మీదున్నాడు. వాడి పేరు చెప్పి ఇంటికొచ్చిన లక్ష్మిని పొద్దున్నే చేత్తో బయటికి నెడతావా?"

"అది మన లక్ష్మి కాదు కదండీ."

"ఎవరిదైనా లక్ష్మే. రేపు శుక్రవారం, రేపూ వద్దు. శనివారం తెల్లారేసరికి నేనే నీతో వస్తాను. నేనేం మింగేస్తానన్లేదే."

ఆవిడ దొంగ కాదు. ఇది రాసి తీరాలి. పక్కింటి కోడి మా దొడ్లో గుడ్డు పెడితే, ఆ గుడ్డు వేడి తగ్గకముందే పక్కింటికి చేరవేసే మనిషి. కాని ఏడు నెలలుగా ఆవిడ గాలి వీచినా ఉలిక్కిపడేవారు. సముద్రం మీదున్న ఒక్కగానొక్క కొడుకు కోసం ఏ నియమం తప్పినా తట్టుకోలేరు. నాకూ ఆ భయం లేదని చెప్పను. అందుకే ఆ పొద్దున నేను గట్టిగా వాదించలేదు. ఇరవై రూపాయలు వేరే గుడ్డలో మూటకట్టి బియ్యపు కుండ వెనక పెట్టాను. ఆ రోజు ఆ మూట అక్కడే ఉందా లేదా అని వెళ్లి చూసి వచ్చింది పదకొండు సార్లు. ఎవరు తీస్తారని చూశానో నాకే తెలియదు. రోకలి పట్టుకుంటే దంపలేను, కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే వీధిలోకి చూడాలనిపిస్తుంది.

మధ్యాహ్నం మూడు జాములు కావస్తుండగా గుమాస్తా గారు మా వాకిట్లోకి వచ్చారు. కోసున్నరా నడిచి వచ్చారు. కాళ్లకి కాలవమట్టి అంటుకుని ఉంది. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నేను తలుపు వెనక ఉన్నాను.

"అమ్మగారూ, ఏమనుకోకండి. నిన్న పెట్టె లెక్కలో ఇరవై తగ్గిందండి. నిన్న దీపాలవేళకి ముందు చెల్లించినవి మూడే. మేస్త్రీని అడిగేను, కొత్తపేట వడ్ల వర్తకుణ్ణి అడిగేను. మిమ్మల్ని కూడా ఒక్క మాట అడిగి పోదామని వచ్చేను."

మా అత్తగారు లోపలి పూజ పీట వైపు ఓసారి చూసి, "ఇవాళ లక్ష్మీవారమండి. డబ్బు మాట ఎత్తకూడదు. శనివారం మేమే వస్తాం," అన్నారు.

"ఆయ్, అలాగేనండి. వస్తారని కాదండి... ఉందో లేదో ఒక్క మాట చెబితే..."

"శనివారం వస్తామన్నాం కదండీ."

తలుపు సందులోంచి ఆయన చేతులు కనిపించాయి. ఉత్తరీయం అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. "ఆయ్, మరి సెలవండి," అని వెళ్లిపోయారు. ఆయనకి మంచినీళ్లయినా ఇవ్వలేదని వెళ్లాక గుర్తొచ్చింది.

"ఉందని చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ! చెప్పడానికి డబ్బు గడప దాటక్కర్లేదు కదా."

"చెబితే ఇవ్వమంటాడు. అడిగినవాడికి లేదనాలా? లేదని నేనన్నానా? అన్లేదుగా."

మా మనవడికి నేను చెప్పదలచింది ఇదే. ఎక్కువ వచ్చిందని తెలిసిన గడియే మాట పంపాలి. డబ్బు చేరవెయ్యడానికి వానా వరదా అడ్డం రావచ్చు, వారం వర్జ్యం చూసుకునే పెద్దలు అడ్డం రావచ్చు. మాటకి ఏదీ అడ్డం రాదు. ఆ సొమ్ములోంచి ఒక్క పైసా కదపకూడదు, నీ సొమ్ముతో కలపకూడదు. తిరిగి ఇచ్చినప్పుడు చేతిరాత పుచ్చుకోవాలి. బ్యాంకీవాళ్లకేం, వాళ్లది పెద్ద సంస్థ అంటాడు వాడు. ఆ సంస్థలో ఆ పూట ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఒక మనిషి. నష్టం ముందు వచ్చి పడేది ఆ మనిషి మీదే.

శుక్రవారం ఉదయం పది గడియల పొద్దెక్కాక, మా వీధిలో ఉండే కొబ్బరితాళ్లావిడ అమలాపురం వెళ్తూ కనిపించింది. రోజూ తాళ్ల చుట్టలు నెత్తిన పెట్టుకెళ్లి అక్కడ అమ్ముకునేది. గుమాస్తా గారికి చెప్పమని మాట పంపుదామని దొడ్డిదారిన వెళ్లి పిలిచాను. చెప్పబోయేలోగా ఆవిడే మొదలుపెట్టింది.

"మీ షావుకారి కొట్టు గుమాస్తా గారి సంగతి విన్నారా కోడలుగారూ? నిన్న సాయంత్రం గేదెనమ్మేసేరు పాపం. పాలిచ్చే గేదె. గోదారవతల గంగవరం ఆసామి పదకొండు రూపాయలకి కొట్టేసేడు. ఎవరు చూసినా పద్దెనిమిది చేస్తుందంటారు."

"ఎందుకమ్మేరు?"

"పెట్టెలో ఇరవై పోయిందంట. శుక్రవారం పొద్దుగూకేలోగా పూర్తి చెయ్యి, లేదా శనివారం గుళ్లో దీపమార్పి ప్రమాణం చెయ్యి అన్నేరంట షావుకారు గారు. ఈయన, 'తియ్యలేదని ప్రమాణం చెయ్యగలను, పారెయ్యలేదని ఎలా చెయ్యను?' అన్నేరంట. ఆ మాటకో గేదె! నేనైతే పది దీపాలు ఆర్పేద్దును."

ఆవిడ నవ్వుతూ వెళ్లిపోయింది. నేను ఇంట్లోకి వచ్చి బియ్యపు కుండ వెనకనుంచి మూట తీశాను. అత్తగారు చూశారు. వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఒక్క రోజు. ఒక్క రోజు ఓపిక పట్టలేవా? తెల్లారితే శనివారం."

"ఆయన గేదెనమ్మేసేరండి. ఇవాళ సాయంత్రంలోగా ఇంకా తొమ్మిది రూపాయలు తేవాలి. ఇంకేం అమ్ముతారో."

"శుక్రవారం పూట లక్ష్మిని పంపేస్తే, అక్కడ వాడికేమైనా అయితే?"

"ఏమైనా అయితే పోయేవి నా పసుపుకుంకాలేనండి అత్తయ్యగారూ."

ఆవిడ పక్కకి జరిగారు. నా మొహం చూడలేదు. నేను అంతవరకూ ఒంటరిగా అమలాపురం వెళ్లలేదు. ఆ దారంతా నడిచానో పరిగెత్తానో చెప్పలేను. మట్టిదిబ్బల దగ్గర పని చేస్తున్న కూలీలు తట్టలు దించి నన్ను చూశారు. కాలవకి అడ్డంగా వేసిన తాటిపట్టె దాటుతుంటే, మూట నీళ్లలో పడితే ఎలాగని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నాను. సముద్రం గుర్తొచ్చింది. అడుగు ఆగలేదు గాని, గుర్తొచ్చింది.

కొట్టు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. షావుకారు గారు దిండుకి ఆనుకుని ఉన్నారు. గుమాస్తా గారు ఎప్పుడూ కూర్చునే చోట షావుకారు గారి మేనల్లుడు పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. గుమాస్తా గారు గోడవార నిలబడి ఉన్నారు. షావుకారు గారి ముందున్న పళ్లెంలో రూపాయలు పోసి ఉన్నాయి. ఇరవై పూర్తయిపోయాయి. భార్య వెండి కడియాలు ఆరుకి తాకట్టు పెట్టి, మూడు అప్పు తెచ్చారని తరవాత తెలిసింది.

నేను మూట విప్పి ఆ పళ్లెం పక్కనే పెట్టాను. "బుధవారం మా సంచిలో ఎక్కువ వచ్చినవండి. ఇరవై."

షావుకారు గారు నిటారుగా కూర్చున్నారు. మేనల్లుడి చేత లెక్కపెట్టించారు. తరవాత పళ్లెంలోని ఇరవై గుమాస్తా గారి వైపు తోసి, "చూసేవా, దొంగతనం కాదు, మతిమరుపు. నీవి నువ్వు తీసుకో," అన్నారు.

"చీటీ రాసివ్వండి," అన్నాను.

"ఏం చీటీ?"

"ఇరవై తిరిగి ముట్టిందని."

"ఇచ్చేవాళ్లు చీటీ అడగడం ఇప్పుడే చూస్తున్నాను. ఏమ్మా, మా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉందండి. చీటీ కూడా ఉంటే బాగుంటుందండి."

ఆయన నవ్వి రాయించారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఇరవై రూపాయలు అని అక్షరాల్లో ఒకసారి, అంకెల్లో ఒకసారి ఉంది. గుమాస్తా గారి పేరు ఎక్కడా లేదు.

బయటికి వచ్చాక గుమాస్తా గారు అరుగు దిగి నా దగ్గరికి వచ్చారు.

"ఒక్క మాటమ్మా. సంచి ఎప్పుడు విప్పేరు?"

"నిన్న పొద్దున్నండి."

"అంటే నేను మీ వాకిట్లోకి వచ్చేటప్పటికి తెలుసన్నమాట."

"తెలుసండి." అక్కడితో ఆపేయవచ్చు. ఆయన తల ఊపి వెళ్లిపోబోతున్నారు కూడా. కాని ఆపలేకపోయాను. "బుధవారమే తెలుసండి. మా అత్తగారు ఆరన్నప్పుడు నా లెక్క ఎనిమిది. నోరు విప్పలేదండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే నాకు కొంత తేలికగా ఉండేది. "ఎనిమిదేనా? అయితే నా వేళ్లకీ ఎనిమిదని తెలుసమ్మా. నోరే అమ్మగార్ని అడిగింది," అన్నారు. తరవాత, "గేదె ఇవాళ తెల్లవారుజామునే గోదారి దాటేసిందండి. నిన్న మధ్యాహ్నం ఒక్క మాట పడుంటే..." అని ఆపేశారు. దణ్ణం పెట్టి లోపలికి వెళ్లారు. నేనే పెట్టవలసింది.

ఆ తరవాత చేసినవి చెప్తాను. మా నాన్నగారిచ్చిన సొమ్ములో నా దగ్గర మూడు రూపాయల రెండు అణాలుండేవి. ఆ మంగళవారం కొబ్బరితాళ్లావిడ తమ్ముణ్ణి గంగవరం పంపి గేదెని తిరిగి అడిగించాను. ఆ ఆసామి, ఇరవై రెండైతే ఇస్తానన్నాడు. గుమాస్తా గారు అంత పెట్టలేనన్నారు. నా మూడు రూపాయలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. వాటిని ఆయన భార్య చేతిలో దూడ మేతకని పెట్టి వచ్చాను. ఆసామి దూడని వద్దన్నాడు గనక అది గుమాస్తా గారింట్లోనే ఉండిపోయింది. ఊళ్లో పాలు కొని పోశారు గాని తాగలేదు. మార్గశిర బహుళ పాడ్యమి నాడు చచ్చిపోయింది.

షావుకారు గారు గుమాస్తా గారిని మానిపించలేదు. పద్దు పుస్తకం మాత్రం తిరిగి ఇవ్వలేదు. ధాన్యం కొలిచే చోట నిలబెట్టారు. నెలకి ఆరు రూపాయల జీతం నాలుగైంది. ఆయన పుష్యమాసమంతా చేసి, మాఘంలో కొత్తపేట వైపు వెళ్లిపోయారు. తరవాత నాకు ఆయన జాడ తెలియదు. రెండుసార్లు కొత్తపేట వెళ్లినప్పుడు విచారించాను.

మా అత్తగారు ఆ శుక్రవారం నుంచి నాతో మాట్లాడలేదు. వండింది తిన్నారు, నీళ్లు తోడి పెడితే పోసుకున్నారు, మాట మాత్రం లేదు. ప్రతి ఉదయం కోరంగి వైపు నుంచి వచ్చేవాళ్లని ఆపి ఓడ సంగతి అడిగేవారు. నేను వినబడేంత దూరంలో నిలబడేదాన్ని. జవాబు రానంతవరకూ నా చేతిలో పని సాగేది కాదు. ఏమైనా అయితే పోయేవి నావేనన్న మాటకి కట్టుబడి రోజులు లెక్కపెట్టాను. మాఘ శుద్ధ సప్తమి నాడు మా ఆయన ఇంటికొచ్చారు, ఒంట్లో కొంచెం జ్వరంతో. ఆవిడ ఆయన్ని లోపలికి తీసుకెళ్లి, బయటికి వచ్చి, "వాడికి వేన్నీళ్లు పెట్టు," అన్నారు నాతో. అంతే. గుమాస్తా గారి ఊసు ఆవిడ బతికున్నన్నాళ్లూ మా మధ్య రాలేదు.

చిట్టాలో ఆ ఏడాది చివర నేను రాసుకున్న లెక్క ఇది. మార్చకుండా దింపుతున్నాను.

షావుకారు గారికి నష్టం లేదు. ఇరవై పోయింది, ఇరవై వచ్చింది.

మా ఇంటికి: గేదె కోసం పంపిన మనిషికి రేవు ఖర్చు, కూలి రెండు అణాలు. దూడ మేతకి మూడు రూపాయలు. అత్తాకోడళ్లకి మాట లేని రోజులు అరవై.

గుమాస్తా గారికి: గేదె ధరలో ఏడు రూపాయలు. కడియాల తాకట్టు మీద వడ్డీ ఒక అణా. జీతంలో తరుగు నెలకి రెండు రూపాయలు, అలా పుష్యం ఒక్క నెలకి రెండు. దూడ ఒకటి. ఇరవై మూడేళ్లుగా రాసిన పద్దు పుస్తకం.